తవ్వి ఉన్న బావిని పూడ్పిస్తున్నాం

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మనకో సామెత ఉంది. ఎత్తైన అపార్ట్‌మెంట్లలో ఆ బావిని ముందే తవ్వి, సీలింగ్‌కి వేలాడదీసి మరీ ఇస్తున్నారు. ఇంటీరియర్ పేరుతో దాన్ని డబ్బిచ్చి పూడ్పిస్తున్నది మాత్రం మన ఇళ్లవాళ్లే.

సీలింగ్ కింద పోయే ఎర్ర పైపుల సంగతి చెప్తున్నాను. వాటికి అక్కడక్కడా స్ప్రింక్లర్ తలలుంటాయి. ఒక్కో తలలో చిటికెన వేలంత కూడా లేని గాజు గొట్టం, దాంట్లో ఎర్రటి ద్రవం. "ఇన్ని లక్షలు పోసి ఫాల్స్ సీలింగ్ చేయించుకుంటుంటే మధ్యలో ఈ దిష్టిబొమ్మ ఏమిటి వదినా?" అంది మా పక్క ఫ్లాట్ అమ్మాయి. ఇంటీరియర్ అతను రెండు గంటల్లో పైపు కోసి, మూత బిగించి వెళ్లిపోయాడు. మా అంతస్తులో ఇలా చేయించుకున్న ఇళ్లు మూడున్నాయి.

అడిగితే అందరూ చెప్పేది ఒకటే భయం. పోపు పెడితే నీళ్లు కురుస్తాయేమో, వ్రతం రోజు హారతి పొగకి సోఫాలు తడిసిపోతాయేమో అని. ఇదంతా సినిమాల పుణ్యం. హీరో లైటర్ వెలిగించగానే బిల్డింగంతా వాన పడుతుంది కదా, అది చూసి. స్ప్రింక్లర్‌కి పొగతో పని లేదమ్మా, పొగ పసిగట్టేది వేరే పరికరం. దీనికి కావలసింది వేడి. ఎర్ర గాజు 68 డిగ్రీల దగ్గర పగులుతుంది. వేడి ఎక్కువుండే చోట్లకి 79 డిగ్రీల పసుపు గాజు, 93 డిగ్రీల ఆకుపచ్చ గాజు కూడా ఉన్నాయి. ఏ తలకి వేడి తగిలితే ఆ తలే తెరుచుకుంటుంది, మిగతావి కదలవు. సరిగ్గా దాని కిందే హోమగుండం పెట్టుకోకపోతే చాలు.

ఇక పైపు. అది మేస్త్రీ తోచినట్టు వేసింది కాదు. కింద ట్యాంకు, పంపు, అక్కణ్ణుంచి నిలువు పైపు, అంతస్తుకో వాల్వు, ఇళ్లలోకి పోనుపోను సన్నబడే కొమ్మలు. నీరు అందడం అన్నిటికన్నా కష్టమైన తలలు ఎక్కడున్నాయో చూసి, వాటికి కావలసిన ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి, వెనక్కి పంపు దాకా లెక్క కడతారు. ప్రతి మలుపూ కొంత ఒత్తిడిని మింగుతుంది. మామూలు తల ఒక బార్ ఒత్తిడి దగ్గర నిమిషానికి 80 లీటర్లు చల్లుతుంది. అంటే నాలుగు పెద్ద బకెట్లు. మామూలుగా ఇళ్లలో ఒక్కో తల కాపలా కాసేది మహా అయితే 225 చదరపు అడుగులు. ఇంత లెక్క ఉన్నదాన్ని లైటు అడ్డం వచ్చిందని మూడడుగులు జరిపి, నాలుగు మలుపులు తిప్పి, సన్న పైపు తగిలిస్తే లెక్క ఎక్కడ నిలుస్తుంది? ఇంకొందరు తలని అలాగే ఉంచి దాని కింద జిప్సమ్ పలక కొట్టించేస్తారు. మంట కింద, గాజు పైన చల్లగా. తలమీద కూడా పెయింటు వేయించేవాళ్లు, అటకమీద సామాన్లు దాని మూతిదాకా పేర్చేవాళ్లు సరేసరి. తల కింద అరమీటరైనా ఖాళీ ఉండాలి.

అసోసియేషన్ వాళ్ల ఘనకార్యం ఇంకొకటి. ఎక్కడో కాస్త కారిందని మా అంతస్తు వాల్వు కట్టేశారు. ఎనిమిది నెలలైంది. రాత్రిపూట చప్పుడు చేస్తోందని పంపుని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చారు. అడిగితే "ఏం కాదులెండి మేడమ్" అంటారు. లిఫ్టు ఒక పూట ఆగితే గ్రూపులో వంద మెసేజీలు పెట్టే మనుషులే వీళ్లు!

పగలంతా ఇంట్లో ఉండేది ఎవరు? మనం, పసిపిల్లలు, మంచం దిగలేని అత్తగార్లు. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది పోయారు. మొదలైంది నాలుగో అంతస్తు వంటింట్లో ఫ్రిజ్ దగ్గర. గోడల బయట తొడిగిన పలకలు మంటని పైకెక్కించాయి, నిజమే. కానీ ఆ ఇళ్లలో స్ప్రింక్లర్లు లేవు. మనకి ఉండి కూడా లేకుండా చేసుకుంటున్నాం. సీలింగ్ డిజైన్ ఎంచుకునేటప్పుడు మాత్రం "నీ ఇష్టం" అని మనకి వదిలేస్తారు కదా, మరి వాల్వు సంగతి మనల్ని ఎందుకు అడగరు?

అందుకే కాగితం రాసిచ్చాను. వాల్వు తెరిచి, తెరిచిన స్థితిలో తాళం వేయాలి. పంపు ఆటోలో ఉండాలి. నెలకోసారి టెస్ట్ వాల్వు తిప్పి నీళ్లొస్తున్నాయో లేదో మా ఎదుట చూపించాలి. కోసిన మూడిళ్ల పైపులూ అసలు డ్రాయింగ్ ప్రకారం, లెక్క తెలిసిన ఇంజనీరు చేత మళ్లీ వేయించాలి, ఆ ఖర్చు కోయించినవాళ్లదే. పక్క ఫ్లాట్ అమ్మాయి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి తనే సంతకం పెట్టింది. మొత్తం పదకొండు సంతకాలు, పది ఆడవాళ్లవే. ఆ పదకొండో ఆయన రిటైరైన పెద్దాయన, పగలంతా ఇంట్లోనే ఉంటారు.