అండమాను దీవులలో గాలి పెట్టిన నిలుపు

క్రిందటి నెల ఈ పుటలలో మేము వ్రాసిన ఊరగాయ జాడీల ప్రస్తావనను సోదరీమణులు చదివియే యుందురు. ఈ నెల ఆ జాడీలకు వాసెన గట్టి, సముద్రము మీదికి పోవుదము.

మా బుద్వేలునకు శంషాబాదు విమానాశ్రయము దూరము కాదు. చుట్టములను దింపుటకును, వచ్చినవారిని తోడి తెచ్చుటకును ఎన్నిమారులో పోయితిమి గాని, మేము విమాన మెక్కుటకై యేనాడును పోలేదు. మార్గశిర మాసమున ఆ ముచ్చట తీరినది. ఒకే వీథిలోని స్త్రీలము నలుగురము కలసి అండమాను దీవులకు బయలుదేరితిమి. మగదిక్కు లేక సముద్రము దాటుట యేమని మా అత్తగారు ఆక్షేపించిరి. హనుమంతుడు ఒంటరిగనే దాటెను గదా యని మే మంటిమి. "ఆయన వాయుపుత్రుడు. గాలి ఆయన మాట వినును. నీ మాట వినునా?" అని వా రనిరి. అప్పుడు నవ్వితిమి.

మాలో ముగ్గురము వేడుకకై పోయినవారము. నాలుగవ యామె మా వీథి చివర కుట్టుమిషను పెట్టుకొని రవికలు కుట్టునామె. పుట్టినయూరు శ్రీకాకుళము జిల్లాలో సముద్రపుటొడ్డు. ఆమెకు వేడుక లేదు, పని గలదు. ఆమె తోడబుట్టిన అప్ప, పెండ్లియైన నాటినుండి, అండమాను దీవులలోనే దక్షిణపు కొసనున్న లిటిల్ అండమానులో, హట్‌బే యను రేవున కాపురమున్నది. అప్పచెల్లెండ్రకు పన్నెండేండ్లుగా మాటలు లేవు. వారి తండ్రి పోయినప్పుడు ఈ అప్ప పదుమూడవనాటికి గాని ఇల్లు చేరలేదు. చెల్లెలు పదిమందిలో, "చితి చల్లారినాక చుట్టపుచూపుగా వచ్చినావా?" అన్నదట. ఆ మాటకు అప్ప బదులు చెప్పక, మరునాడే తిరిగిపోయినదట. ఇంతకాలమునకు రవికలు కుట్టిన సొమ్ము కూడబెట్టుకొని, మాతో కలసి, అప్పను చూడవలెనని చెల్లెలు బయలుదేరినది.

విమానము రెండున్నర గంటలలో మమ్ము దింపినది. ఆ పట్టణమును మొన్నమొన్నటివరకు పోర్టుబ్లెయిరనిరి. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. విశాఖపట్టణమునుండి అది సుమారు 1,200 కిలోమీటర్లు. అయినను దిగినచోట మొదట మా చెవిని బడినది తెలుగే. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులన్నిటి జనము 3,80,581 కాగా, అందులో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర తీరమునుండి వలలతో వచ్చి నిలిచిన కుటుంబములు జంగ్లీఘాటు ప్రాంతమున అనేకములు. మన దేశమంతటికి గడియారము ఒక్కటియే యగుటచేత, తూర్పున అంతదూరమున్న ఆ యూరిలో మార్గశిరమున సాయంత్రము అయిదుగంటలకే దీపము పెట్టవలెను. మొదటినాడు మేము మధ్యాహ్నపు కాఫీ త్రాగుచుండగనే చీకటి పడినది!

రెండవనాటి ఉదయము ఫీనిక్సుబే రేవునకు పోయితిమి. హట్‌బేకు పోవు ఓడ లేదనిరి. బంగాళాఖాతమున అల్పపీడనము పుట్టినదట. రేవున హెచ్చరిక సూచిక ఎత్తిరి. దక్షిణ అండమానునకును లిటిల్ అండమానునకును నడుమ డంకను జలసంధి యని యొకటి గలదు. అది దాటక హట్‌బే చేరుట లేదు. గాలి లేచినచో అచ్చట చిన్న యోడలు నిలువలేవు. అడ్డుపెట్టుట అధికారుల మొండితనమని తలచు యాత్రికులను అక్కడనే చూచితిమి. వారు 2016 డిసెంబరు సంగతి ఎరుగరు కాబోలు. ఆ నెలలో గాలివాన పట్టి, హేవ్‌లాకు, నీలు దీవులలో వేయిమందికి పైగా యాత్రికులు చిక్కుపడగా, నౌకాదళమువారు పోయి తేవలసివచ్చెను.

ఓడ లేని ఆ దినములు మేము ముగ్గురము పట్టణమును చూచితిమి. సెల్యులరు జైలు 1896లో మొదలిడి 1906లో ముగించిన కట్టడము. ఏడు బారులలో నేడు నిలిచినవి మూడు. కొబ్బరినూనె గానుగకు ఎద్దునకు మారుగా మనిషిని కట్టిన వైనము అచ్చట బొమ్మలు చేసి చూపుచున్నారు. మా హైదరాబాదువారికి ఈ దీవులతో బాంధవ్యము ఈ జైలుకంటె పాతది. 1857 జులై 17న కోఠిలోని రెసిడెన్సీపై తుర్రేబాజ్ ఖానుతో కూడి దండెత్తిన మౌల్వీ అలాఉద్దీనును ఇచ్చటికే పంపిరి. అప్పటికి ఈ గోడలు లేవు, సముద్రమే గోడ. ఆయన మరల హైదరాబాదును చూడలేదు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి మాత్రము ఈ గోడలనడుమనే యుండిరి. రాజకీయ ఖైదీల పేర్లు రాతిపలకలపై చెక్కియున్నవి. చాలసేపు చదివితిమి.

స్త్రీఖైదీల కొరకు ఈ పట్టణముననే సౌత్‌పాయింటు వద్ద వేరుగా జైలుండెడిదని యెందరికి తెలియును? కొన్నియేండ్లు శిక్ష గడచిన పిదప, వారిని ఖైదీలలోనే యొకనిని పెండ్లాడి ఇల్లు కట్టుకొన నిచ్చెడివారు. ఆ సంతతివారిని నేటికిని అచ్చట లోకల్‌బార్న్ అందురు. ఆ తల్లుల పేర్లు మాత్రము మే మే రాతిమీదను చూడలేదు.

మాలో ఒకామె, బరటాంగు దారిలో జారవాలు కనబడుదురట, పోవుదమా యనెను. ఆ దారిని బండ్లు పోలీసు కాపలాతో బారులుగా పోవును. నిలుపరాదు, ఫోటోలు తీయరాదు. ఆ జాతుల రక్షణకై 1956 నుండి నిబంధన గలదు. తోటిమనుష్యులను కిటికీలోనుండి తొంగిచూచుటకై డబ్బిచ్చి పోవుట మాకు నచ్చలేదు. మేము పోలేదు. ఆమెకు మామీద ఒకపూట కోపము వచ్చినది, రాత్రికి పోయినది.

కుట్టుపని నేస్తురాలు మాతో జైలునకు రాలేదు. ప్రతి యుదయమును రేవునకు పోయి, టిక్కెట్ల కిటికీ ముందు కూర్చుండి, ఓడ లేదనిన పిదప వచ్చుచుండెను. రెండవనాడు పోయినది, మూడవనాడు పోయినది. గాలికి బస తలుపులు రాత్రియంతయు కొట్టుకొనుచుండెను, కొబ్బరిచెట్లు నేలకు వంగి లేచుచుండెను. నాలుగవనాటి రాత్రి ఆమె మాప్రక్కన పండుకొని, "అక్కా, మా నాన్న పోయినది కార్తికములో" అని మాత్రమే అన్నది. కార్తికమనగా ఇదే గాలి. హట్‌బేలో ఓడకొరకు ఎన్నినాళ్ళు కూర్చుండవలెనో, ఇటు వచ్చిన తరువాత విశాఖకు పోవు ఓడ నెలకు ఒకటో రెండో, దానిలో రెండున్నర దినములు. విమానపు సొమ్ము వారికి నాడెక్కడిది? పన్నెండేండ్లలో ఆమె ఈ లెక్క వేసికొనినట్లు లేదు. మేమును ఆమెతో ఎన్నిమారులో కూర్చుండి ఆ కథ విన్నవారమే. మేమును వేయలేదు, పైగా ఆమె పక్షమున తలయూచితిమి.

ఆ రాత్రియే ఆమె అప్పకు ఫోను చేసినది. 2020లో చెన్నపట్టణమునుండి సముద్రగర్భమున తీగ వేసిన తరువాత ఆ దీవులలో ఫోనులు మెరుగుపడినవట. చెల్లెలు రెండు మాటలాడి ఏడ్చినది. విమానపు టిక్కెట్టు ఎల్లుండికని, ఓడ లేదని, వట్టిచేతులతో పోవలసివచ్చునని చెప్పినది. అవతలి గొంతు గాలిహోరుకు మించి మాకు గూడ వినబడినది: "ఏటే చెల్లీ, పన్నెండేళ్ళు ఉండలేదా, మరి నాలుగు రోజులు ఉండలేవా? గాలి తగ్గినాకే ఎక్కు." 2004 డిసెంబరు 26న కడలి పొంగి హట్‌బే ఇండ్లను ఊడ్చుకొనిపోయినప్పుడు, పిల్లను చంకబెట్టుకొని మెట్టకు పరుగెత్తినామె ఆ అప్ప. ఆమె చెప్పినచో వినవలెను.

మరునాటి యుదయము గూడ ఓడ లేదు. ఆరవనాడు మా విమానము. మేము ముగ్గురము ఎక్కితిమి, ఆమె ఎక్కలేదు. టిక్కెట్టు సొమ్ము పోయినది. జంగ్లీఘాటులో తెలుగుకుటుంబ మొకటి ఆమెను తమ యింట ఉంచుకొనెను. ఎవరు, ఏ యూరు అని గూడ సరిగా అడుగలేదు, మన బాస మాటాడినది చాలు ననిరి. ఆమెను విడిచివచ్చుట సరియా కాదా యని మేము విమానములో మాటాడుకొనలేదు. ఒకరి ముఖమొకరము చూచుకొనలేదు గూడ.

దీవులకు పోదలచిన సోదరీమణులకు ఒక మాట. మాఘము మొదలు చైత్రమువరకు సముద్రము కొంత నెమ్మదిగ నుండును. మార్గశిరమున పోయితిరా, దూరపు దీవిని మొదట చూచి, తిరుగు టిక్కెట్టునకు ముందు మూడునాళ్ళు ఖాళీగ ఉంచుకొనుడు. శొంఠిపలుకులు కొంగున కట్టుకొనుడు.

మేము బుద్వేలు చేరిన నాలుగవనాడు ఆమె ఫోను చేసెను. గాలి తగ్గినది, ఓడ విడిచినది, దారిపొడవునను వాంతులు. హట్‌బే రేవున అప్ప నిలిచియుండెనట. ఓడ ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక, వేకువనుండి నిలిచియుండెనట. మొదటిమాట ఎవరు పలికిరని అడిగితిమి. "ఎవరమూ పలకలేదక్కా. అప్ప నా సంచి తీసుకొని ముందు నడిచింది" అన్నది.

ఆమె ఇరువది రెండునాళ్ళకు, ఓడపై విశాఖకును, అచ్చటినుండి రైలుబండిలోను ఇల్లు చేరినది. అప్ప పంపిన కొబ్బరికాయల బస్తా ఒకటి కూలివాని నెత్తిమీద ముందుగ వీథిలోనికి వచ్చినది. మా వాటాకు ఎనిమిది. మూడింటిని పచ్చడికి కొట్టితిమి. మా అత్తగా రొకదానిని హనుమంతుని గుడికని తీసి ప్రక్కన పెట్టిరి.