పెంచితే మసకే!

పిల్లలు పోరుపెట్టి కొనిపించుకున్న టెలిస్కోపు వారం తిరక్కుండానే అటకెక్కుతుంది చాలా ఇళ్లల్లో. తప్పు దానిదే కాదు, అట్టపెట్టె మీద ఊరించే '525 రెట్లు' అన్న అంకెది కూడా. కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు... పనికొచ్చే పెంపు అంతవరకే. అంటే 60 మిల్లీమీటర్ల టెలిస్కోపులో 120 రెట్లు దాటితే కనిపించేది మసకే. నాభ్యంతరం 700 మిల్లీమీటర్లయితే, 20 మిల్లీమీటర్ల ఐపీస్‌తో వచ్చేది 35 రెట్లు. చంద్రుడి మీది గోతులకీ గురుగ్రహం నాలుగు చందమామలకీ అది చాలు. 1610లో గెలీలియో వాటిని చూసింది సుమారు 20 రెట్ల గొట్టంతోనే మరి!

ఫైండర్‌ని పగలే సరిచేసుకోండి. సూర్యుడికి ఎదురుదిక్కున, దూరంగా ఉన్న ఏ సెల్‌టవర్ కొసనో పెద్ద గొట్టంలో మధ్యకి తెచ్చి, మరలు తిప్పుతూ ఫైండర్‌లోనూ మధ్యకి తేవాలి. ఇది చేయకపోతే చీకట్లో ఎంత వెతికినా చంద్రుడు కూడా ఓ పట్టాన దొరకడు. స్టాండు ఊగుతోందా? కాళ్ల మధ్య ఇసుక సంచి వేలాడదీయండి.

మొదటిసారి చూడ్డానికి పౌర్ణమి వద్దు. వెలుగు నిటారుగా పడి నీడలుండవు, గోతులన్నీ చదునైపోతాయి. శుద్ధ అష్టమి సాయంత్రం వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర చూస్తే పిల్లలు కన్ను తీయరు.

సూర్యుడివైపు మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు. ఐపీస్‌కి బిగించే నల్ల ఫిల్టర్ పెట్టెలో ఉంటే, వేడికి అది పగిలి కన్ను పోయే ప్రమాదముంది. పిల్లల చేతికి అందకముందే పారేయండి.