అలవాటైన బరువు

ఆళ్లగడ్డలో శిల్పం పూర్తయితే అంచు విరగకుండా పదిచేతులు పట్టి బండి కెక్కిస్తాయి. అదే వూళ్లో యిల్లు కట్టేచోట యిసుక మోసే స్త్రీ నడుముకు ఆ పాటి జాగ్రత్త లేదు. నంద్యాల మిల్లు కళ్లంలోనూ యిదే కథ. "ఆడవాళ్లకు బరువు అలవాటే" అంటాడు మేస్త్రి. అరగటాన్ని అలవాటనటం వాడుకునేవాడి వ్యాకరణం!

1998 నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాలు వయోజన స్త్రీ ఒంటరిగా మొయ్యదగిన బరువుకు 30 కిలోలు హద్దు పెట్టాయి, పురుషుడికి 55. సరే, తట్టను తూచారు, దినాన్ని తూచారా? 25 కిలోల తట్ట నూరుసార్లు మోస్తే 2,500 కిలోలు! ప్రతిసారీ నేలదాకా వంగాలి, పలకలెక్కాలి. గర్భసంచి జారితే డాక్టరు బరువులెత్తవద్దంటాడు. ఎత్తకపోతే కూలి లేదు.

ఉపాయం బ్రహ్మవిద్య కాదు. తట్ట చిన్నది చెయ్యండి, నడుమెత్తు అరుగుమీద నింపండి, ఎత్తటానికి యిద్దరిని పెట్టండి, తోపుడుబండి కొనండి. తట్ట తగ్గిందని కూలి తగ్గిస్తే మాత్రం అది రక్షణ పేర జరిగే దోపిడి.

యిక మన కవులు! తలమీద తట్టతో నడిచే స్త్రీలో లయను చూశారు. అయ్యా, చుట్టకుదురు తీసి ఆమె మెడ చూడండి. తర్వాత రాయండి.