కంప్యూటర్ కబుర్లు: పద్దు డిస్కుకెక్కిందా?

పూణేలో మా అల్లుడి మ్యాక్‌లో మన సభ్యుల జాబితా క్షణాల్లో ఎక్కింది. అదే జాబితా, అదే ఎస్‌క్యూలైట్. బరంపురంలో మా ఇంటి లినక్స్ కంప్యూటర్లో ఎక్కిస్తుంటే కాఫీ చల్లారిపోయింది. "పాతది మామయ్యగారూ, మార్చెయ్యండి" అన్నాడు.

పాతదే, కాదనను. కానీ కిటుకు వేరే ఉంది. లావాదేవీ ముగిసినప్పుడల్లా డేటాబేసు ఆపరేటింగ్ సిస్టమ్‌ని "డిస్కులో రాశావా?" అని అడుగుతుంది. ఈ పిలుపు పేరు ఎఫ్‌సింక్. లినక్స్ మామూలుగా డిస్కు తన సొంత మెమొరీలో దాచుకున్నదాన్ని కూడా రాయించి, అప్పుడు అవునంటుంది. మ్యాక్ మాత్రం డిస్కు చేతికిచ్చి అవుననేస్తుంది. పూర్తిగా రాయించాలంటే ఎస్‌క్యూలైట్‌లో ఫుల్‌ఎఫ్‌సింక్ అనే మీట మనమే వేయాలి.

నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులో ఒక్కో లావాదేవీకి రెండు చుట్లు పడతాయని ఎస్‌క్యూలైట్ వారి లెక్క. అంటే సెకనుకు 60! పేరుకో లావాదేవీ పెడితే నత్తనడక కాక మరేమిటి?

సింక్రనస్‌ను ఆఫ్ చేస్తే వేగం వస్తుంది, నిజమే. మధ్యలో కరెంటు పోయిందా, ఫైలే పాడుకావచ్చు. నాకంత ధైర్యం లేదు. మొదట బిగిన్, చివర కమిట్ అని రాసి, జాబితా అంతా ఒకే లావాదేవీ చేశాను. ఈసారి కాఫీ వేడిగానే తాగాను.

అల్లుడి చేత ఆ మీట వేయించి, పేరుకో లావాదేవీగానే మళ్ళీ ఎక్కించమన్నాను. వాళ్ళ కాఫీ కూడా చల్లారిందట! అయినా మీట తీయలేదు. చందాల లెక్క అందులోనే ఉంది మరి.