కాలు తీసినా కారు ఆగలేదంటే

"బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కి ఉంటారు మేడమ్."

ఈ మాట వారం రోజుల్లో ఎంతమంది నోట విన్నానో! మెకానిక్ అన్నాడు, మా మరిది అన్నాడు, కింద ఫ్లాట్ అంకుల్ అన్నారు. స్టీరింగ్ ఎప్పుడూ పట్టుకోని మా అత్తగారు కూడా "కంగారులో తొక్కేసి ఉంటావులే అమ్మా" అన్నారు. మావారు ఏమీ అనలేదు. దానికే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది.

మాది కార్బురేటర్ కాలం నాటి కారు. మావయ్యగారు 1998లో కొన్నారు. ఫిట్‌నెస్ చేయించి, ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నెట్టుకొస్తున్నాం. ఆ రోజు బాబుని స్కూలు నుంచి తెస్తూ విజయవాడలో దుర్గ గుడి ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను. ఎత్తు కదా, బాగా తొక్కాను. పైకి చేరాక కాలు తీశాను. ఇంజన్ మాత్రం అరుస్తూనే ఉంది, కారు దూసుకుపోతూనే ఉంది. వెనక సీట్లోంచి వాడు "అమ్మా, మెల్లగా" అంటున్నాడు. క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌లోకి తెచ్చాను. బ్రేక్ ఒకేసారి గట్టిగా నొక్కి పట్టి, ఎడమ పక్కకి తెచ్చి ఆపాకే తాళం తిప్పాను. (కారు కదులుతుండగా తాళం లాగేశారంటే స్టీరింగ్ లాక్ పడిపోతుంది. ఇదొక్కటి గుర్తుంచుకోండి.)

ఇంత చేసిన మనిషికి బ్రేకేదో తెలియదట!

మెకానిక్‌కి నేను స్పష్టంగానే చెప్పాను. పూర్తిగా తొక్కినప్పుడే ఇలా అయింది, కాలు తీశాక కూడా ఇంజన్ అరిచింది, మ్యాట్ పెడల్‌కి అడ్డం లేదు, చోక్ లోపలికే ఉంది అని. అతను బానెట్ ఎత్తి రెండుసార్లు కొద్దిగా రేజ్ చేసి "ఏం లేదు మేడమ్" అన్నాడు. జ్వరం రాత్రిపూట వస్తోందని చెబితే, పొద్దున్న నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి లేదనే డాక్టరుని ఏమంటాం?

తప్పు పెడల్ తొక్కడం అసలు జరగదని నేననను. అమెరికాలో 2009, 2010 ప్రాంతాల్లో టయోటా లక్షల కార్లను వెనక్కి పిలిచింది. కొన్నిట్లో మ్యాట్ పెడల్‌కి అడ్డుపడింది, కొన్నిట్లో పెడలే ఇరుక్కుంది. మరికొన్ని ప్రమాదాల్లో డ్రైవరే తప్పు పెడల్ తొక్కాడని కూడా తేలింది. కానీ అది కార్లు పరీక్షించి తేల్చిన మాట. నా విషయంలో సీట్లో ఎవరున్నారో చూసి తేల్చేశారు. కుక్కర్ విజిల్ రాకపోతే మా ఇంట్లో ఎవరూ నాకు వంట రాదనరు, వెయిట్ కింద పప్పు అడ్డుపడిందేమో చూడమంటారు. ఆ పాటి న్యాయం రోడ్డు మీద ఎందుకుండదు?

ఈ తీర్పు వల్ల ఏమైందో చెప్పనా? తాళం నా చేతిలోంచి మావారి చేతికి మారింది. అదే కారులో, అదే జబ్బుతో, మూడు రోజులు బాబుని ఆయన స్కూలుకి తీసుకెళ్ళారు.

నాలుగో రోజు నేనే పట్టుబట్టాను. ఇంజన్ ఆపి నేను సీట్లో కూర్చున్నాను, మావారు బానెట్ దగ్గర నిలబడ్డారు. పెడల్ సగం తొక్కి వదిలితే కార్బురేటర్ మీది లివర్ టక్కున వెనక్కి వచ్చింది. అడుగంటా తొక్కి వదిలితే తెరుచుకునే ఉండిపోయింది. అప్పుడు కేబుల్‌ని లివర్ నుంచి విడదీసి, లివర్‌ని చేత్తో తిప్పి వదలమన్నాను. టపీమని మూసుకుంది. అంటే స్ప్రింగ్ బాగానే ఉంది, కార్బురేటర్‌లో మడ్డి పట్టి బిగుసుకుపోలేదు. ఇక మిగిలింది కేబులే. చూస్తే నాలుగైదు తీగ పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. బాగా తొక్కినప్పుడు ఆ చోటు తొడుగులోంచి బయటికి వస్తుంది, తిరిగి లోపలికి పోలేక అంచుకి తట్టుకుంటుంది. కొద్దిగా రేజ్ చేస్తే అంతవరకూ రానే రాదు. నేను మొదటి రోజు చెప్పిన "పూర్తిగా తొక్కినప్పుడే" అన్న మాటలోనే రోగమంతా ఉంది. వింటేగా!

తెగిన పోగులు చూశాక మావారు "సారీ" అన్నారు. మరిది ఫోను ఇంకా రాలేదు.

మెకానిక్ కొత్త కేబుల్ వేసి, బిల్లు మావారి చేతికిచ్చి, "ఇక భయం లేదని మేడమ్‌కి చెప్పండి సార్" అన్నాడు. నేను డ్రైవింగ్ సీట్లో కూర్చునే ఉన్నాను.