కర్మ ఖాతా - 6



హిందూ ధర్మానికి డబ్బు మీద మమకారం లేదని టీవీ ప్రవచనాల్లో రోజూ వింటున్నాం. మరి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ఎందుకు? అక్షయ తృతీయకి బంగారం షాపుల ముందు ఆ క్యూలేంటి? నాలుగు పురుషార్థాల్లో రెండోది అర్థమే కదా. నాకిందులో తప్పేమీ కనిపించదు. ఇల్లు, తిండి, చేతిలో నాలుగు డబ్బులు ఎవరికి చేదు? నా పేచీ అంతా, కోరుకునే హక్కు ఎవరికిచ్చారన్న దగ్గరే.

మనుస్మృతి పదో అధ్యాయం 129వ శ్లోకం తీయండి. శక్తి ఉన్నా శూద్రుడు ధనం కూడబెట్టకూడదట, కూడబెడితే బ్రాహ్మణుడికి బాధట. అదే అధ్యాయంలో చండాలుడి ఆస్తి చిట్టా కూడా ఉంది: కుక్కలు, గాడిదలు, శవాల మీది బట్టలు, పగిలిన పాత్రలు, ఇనుప నగలు. (బంగారం ఎవరికి అక్షయమో చూశారా!) 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేద్కర్ ఆ పుస్తకాన్ని తగలబెట్టింది ఊరికే కాదు.

"ఇప్పుడు మనువుని ఎవరు చదువుతున్నారు సార్?" అని స్టాఫ్ రూములో అడుగుతుంటారు. చదవక్కర్లేదు. ఊళ్లో కామందు మేడ కడితే పూర్వజన్మ సుకృతం. మాలపల్లెలోనో మాదిగ గూడెంలోనో ఒకడు స్లాబు వేసి బుల్లెట్ బండి కొంటే 'బలిసింది'. అదే సిమెంటు, అదే బ్యాంకు లోను. ఈ తీర్పు చెప్పేవాళ్లు దుర్మార్గులేం కాదు. ఏకాదశి ఉపవాసాలుంటారు, గుళ్లో అన్నదానానికి రాయిస్తారు. పాలేరు కూలి బాకీ ఎన్నాళ్లున్నా వాళ్లకు పట్టదు, వాడు తాగిన గ్లాసు మైల మాత్రం వెంటనే పడుతుంది.

ఈ దొంగ లెక్కని పట్టుకున్నది జాషువా. 'గబ్బిలం'ని మేఘసందేశం పక్కన పెట్టి, కరుణ రసం అని చెప్పి క్లాసు ముగించేస్తారు మనవాళ్లు. ఆ అరుంధతీసుతుడు జాలి అడిగాడా? కర్మ పేరు చెప్పి తన కూడు లాక్కున్నవాళ్ల మీద కాశీ శివుడికి ఫిర్యాదు పంపాడు. ఆ కర్మకి రుజువేదని నిలదీశాడు.

ఉద్యోగాలొచ్చిన మన పిల్లలు కొందరు ఈ మధ్య "అంతా ఆ తల్లి దయ" అంటున్నారు. పూజ వాళ్లిష్టం, నేను కాదనను. కానీ ఆ జీతం వెనక రిజర్వేషన్ ఉంది, సోషల్ వెల్ఫేర్ హాస్టలుంది, అమ్మ కలుపు తీసిన కూలి ఉంది. వాటి పేరెత్తకుండా నీ జీతాన్ని దయ ఖాతాలో రాస్తే, గూడెంలో మిగిలిపోయిన నీ తమ్ముడి ఆకలిని ఏ ఖాతాలో రాస్తావు?

వచ్చే భాగంలో దేవుడి మాన్యాలు. ఎవరి పేరున ఉన్నాయి, ఎవరు దున్నారు.

జై భీమ్.