శాలువా కంటె ముందు దారిఖర్చు

వేదిక మీద దీపాలు వెలుగుతున్నంతసేపే కళాకారుడు మనకు కనిపిస్తాడు. దీపాలు ఆరిన తరువాత అతడు ఎక్కడికి పోతాడు, ఏమి తింటాడు, ఎక్కడ నిద్రిస్తాడు అనే ప్రశ్న ప్రేక్షకుని మనస్సులో తలయెత్తడం అరుదు. నా మనస్సులో ఆ ప్రశ్నను మళ్ళీ రేపినవాడు మన కళాశాల విద్యార్థి ఒకడు. గిటారు మీద మక్కువగల ఆ యువకుడు ఒకనాడు తరగతి ముగిసిన తరువాత నా వద్దకు వచ్చి, "సార్, అమెరికాలో చిన్న చిన్న బృందాలవారు ఒక వ్యాను కొనుక్కొని ఊరూరా తిరుగుతూ వాయించుకొంటారట. అంతకంటె స్వేచ్ఛ మరేమున్నది?" అని అడిగాడు. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. అతడు పేర్కొన్న బృందాలను గురించి చదివి, వారి సంగీతాన్ని కొంత విని, ఇప్పుడీ పుటల ద్వారా నా అభిప్రాయాన్ని విన్నవించుకొంటున్నాను.

ఒక చెవితో గజలునూ, ఒక చెవితో పద్యాన్నీ విని పెరిగినవాణ్ణి. కనుక ఆ సంగీతం మొదట నాకు కఠోరంగానే తోచినదని ఒప్పుకొంటాను. దానిని వారు 'హెవీ' అంటారు. ధ్వనిని బట్టి వచ్చిన విశేషణమది. కాని ఆ సంగీతాన్ని ఊరూరా మోసుకొనిపోయేవారికి అది అక్షరాలా బరువే. బాస్ గిటారుకు వాడే పెద్ద స్పీకరు పెట్టె ఒక్కటే 60 కిలోలకు పైగా తూగుతుంది. అటువంటి పెట్టెలు, డ్రమ్ములు, తీగల చుట్టలు, తమ పరుపులు, పాత్రలు అన్నీ ఒకే వ్యానులో సర్దుకొని, మిగిలిన చోటులో మనుషులు సర్దుకోవలెను. చిన్న బృందానికి కూలీలు ఉండరు. పాడేవాడే మోస్తాడు, మోసేవాడే వ్యాను నడుపుతాడు.

కాలిఫోర్నియాలో 1976లో గ్రెగ్ గిన్ అనే యువకుడు ప్రారంభించిన బృందం తరువాత బ్లాక్ ఫ్లాగ్ అనే పేరుతో ప్రసిద్ధి పొందినది. అతడు అంతకుముందు నుండియే రేడియో పరికరాల చిన్న వ్యాపారం చేసేవాడు. ఆ వ్యాపారం పేరునే పెట్టి 1978లో ఎస్.ఎస్.టి. అనే రికార్డుల సంస్థను స్థాపించాడు. పెద్ద కంపెనీలు తమవైపు చూడవని తెలిసి, తమ రికార్డులు తామే వేసుకొని, తమ కచేరీలు తామే కుదుర్చుకొని, వ్యాను ఎక్కి దేశమంతా తిరిగారు. ఏ ఊరిలో ఏ హాలు దొరుకుతుంది, ఎవరు నమ్మదగినవారు, ఎవరి ఇంట పడుకొనడానికి చోటుంటుంది అనే వివరాలను ఇటువంటి బృందాలు ఒకదానికొకటి అందించుకొనేవి. ఒకరు వేసిన బాటలో మరొకరు నడిచారు. పోటీదారులు తమలో తాము పంచుకొన్న ఈ చిరునామాల జాబితాయే ఆ ఉద్యమానికి అసలైన మూలధనమని నా నమ్మకం.

1981లో ఆ బృందంలో గాయకుడుగా చేరిన హెన్రీ రోలిన్స్ వయస్సు అప్పటికి 20 సంవత్సరాలు. అంతకుముందు వాషింగ్టన్ నగరంలో ఐస్‌క్రీం దుకాణంలో పనిచేసేవాడు. 1986లో బృందం విడిపోయే దాకా తాను వ్రాసుకొన్న దినచర్యను 1994లో గ్రంథంగా ప్రచురించాడు. ఆ జీవితంలో మనం ఊహించుకొనే విహారం తక్కువ. ఆకలి ఉన్నది. అపరిచితుల ఇండ్లలో నేల మీద నిద్ర ఉన్నది. వేదిక మీద ఉన్నవానిపై ఉమ్మివేసి, చేయి చేసుకొనే ప్రేక్షకులున్నారు. రోజులో వాయించేది ఒక గంట, మిగిలిన సమయమంతా వ్యానులో కూర్చొనడం, సామాను దింపడం, పిలుపు కోసం కాచుకొని ఉండడం, మళ్ళీ సామాను ఎక్కించడం.

ఇక ఆదాయం మాట. చిన్న బృందానికి లభించేది సాధారణంగా ప్రవేశ రుసుములో ఒక వాటా. పదిమంది వస్తే పదిమంది డబ్బు. దానిలో మొదటి భాగం పెట్రోలుకు పోవలెను, లేనిచో మరుసటి ఊరు లేదు. పెక్కు బృందాలకు తిండి పెట్టేది పాట కాదు, పాటతో పాటు అమ్ముడుపోయే బనియన్లు. ఆ అమ్మకంలో సైతం వాటా అడిగే హాలు యజమానులున్నారు. వ్యాను చెడిపోయినచో నెలల సంపాదన ఒక్క మెకానిక్కు చేతిలో పోయవలసినదే.

ఈ లెక్కను బాగా గ్రహించినవారు మినిట్‌మెన్ అనే ముగ్గురి బృందం. డి. బూన్, మైక్ వాట్, జార్జి హర్లీ. లాస్ ఏంజెలెస్ రేవు ప్రాంతమైన సాన్ పెడ్రోలో సామాన్య కుటుంబాలలో పెరిగినవారు. పొదుపునే వారు తమ పద్ధతిగా చేసుకొని దానికి 'ఎకానో' అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. తక్కువ ఖర్చుతో రికార్డు చేయడం, తమ సామాను తామే మోయడం, వ్యానును తామే నడపడం. వారి దృష్టిలో పేదరికం సిగ్గుపడవలసినదీ కాదు, గొప్పగా చెప్పుకోవలసినదీ కాదు, లెక్కవేసి దాటవలసిన వాగు. 1984లో వెలువడిన వారి జంట రికార్డు పేరు 'డబుల్ నికెల్స్ ఆన్ ది డైమ్'. నికెల్ అంటే అయిదు సెంట్ల నాణెం, డైమ్ అంటే పది సెంట్ల నాణెం. రెండు అయిదులు పక్కపక్కన పెడితే 55. ఆ రోజులలో అమెరికా రహదారులపై అనుమతించిన వేగం గంటకు 55 మైళ్ళు. పదో నంబరు జాతీయ రహదారిపై సరిగ్గా ఆ వేగంతోనే పోతున్నామని ఆ పేరులోని చమత్కారం.

ఆ చమత్కారం చెప్పిన బృందాన్ని ఆ రహదారే చీల్చివేసినది. 1985 డిసెంబరు 22న అరిజోనా రాష్ట్రంలో అదే పదో నంబరు రహదారిపై వ్యాను అదుపు తప్పినది. జ్వరంతో వెనుక పడుకొని ఉన్న డి. బూన్ బయటకు విసరివేయబడి మరణించాడు. అది కచేరీ ప్రయాణం కాదు, కచేరీల యాత్ర ముగించి వచ్చిన తరువాతి సొంత ప్రయాణం. అప్పటికి అతనికి 27 ఏళ్ళు. ఆ మరుసటి ఏడు, 1986 సెప్టెంబరు 27న, మెటాలికా బృందానికి చెందిన 24 ఏళ్ళ క్లిఫ్ బర్టన్ స్వీడన్‌లో బస్సు బోల్తాపడి నిద్రలోనే అసువులు బాశాడు. మూడేళ్ళ క్రితం ఒక అద్దె ట్రక్కులో దేశం ఈ చివరి నుండి ఆ చివరికి పోయి తొలి రికార్డు చేసిన బృందమది. వ్యాను నుండి బస్సుకు ఎదిగినా రాత్రి ప్రయాణం మాత్రం వారిని విడువలేదు.

ఇవి విధి లిఖితాలని నిట్టూర్చి ఊరుకొనరాదు. వీటిలో మనుషులు మార్చగలిగినది కొంత ఉన్నది. 15 మంది కూర్చొనే పెద్ద వ్యానులో పదిమందిగాని అంతకు మించిగాని ఎక్కినచో, అది బోల్తాపడే ప్రమాదం దాదాపు మూడు రెట్లు పెరుగుతుందని 2001లో అమెరికా రహదారి భద్రతా సంస్థ హెచ్చరించినది. బరువు పైకీ, వెనుకకూ చేరుకొన్న కొలది బండి నిలకడ తగ్గుతుంది. దానికి అరిగిన టైర్లు, అర్ధరాత్రి వేళ, అలసిన డ్రైవరు తోడైతే చెప్పవలసినది లేదు. ఆ రాత్రికి ఒక గదిలో పడుకొని తెల్లవారి బయలుదేరగలిగినచో ఇందులో ఎంతో ప్రమాదం తప్పుతుంది. గది అద్దె లేకనే చిన్న బృందం రాత్రివేళ దారి పడుతుంది.

ఇదంతా పరదేశపు ముచ్చట అని విద్యార్థులు భావించవద్దు. కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం పరదాలతో పాటు పసిపిల్లలనూ వెంటబెట్టుకొని ఊరూరా తిరిగినది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను పల్లెపల్లెకూ మోసుకొనిపోయి, 1986లో పద్మశ్రీ అందుకొన్నారు. బుర్రకథ బృందంలోనూ ముగ్గురే. నడుమ కథకుడు, ఇరువైపులా ఇద్దరు వంతలు. ఆ ముగ్గురికీ, సాన్ పెడ్రో ముగ్గురికీ భాష వేరు, వాద్యం వేరు. రాత్రి ఎక్కడ పడుకోవాలనే చింత మాత్రం ఒక్కటే.

ఇక్కడ నా అపరాధం ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. నేను పూర్వం పనిచేసిన ఒక కళాశాలలో వార్షికోత్సవానికి బుర్రకథ బృందాన్ని పిలిపించాము. నిర్వాహకులలో నేనూ ఒకణ్ణి. అతిథుల ఉపన్యాసాలు పొడుగై, వారి వంతు వచ్చేసరికి రాత్రి పదిన్నర దాటినది. అయినను గంటన్నరపాటు సభను ఉర్రూతలూగించారు. ముగ్గురికీ శాలువాలు కప్పి, ఫోటోలు తీయించుకొని, చప్పట్లు కొట్టి పంపించాము. పారితోషికం మరునాడు కార్యాలయం తెరచిన తరువాత వచ్చి తీసుకొమ్మన్నాము. భోజనం సంగతి ఎవరికీ గుర్తులేదు. తెల్లవారి ఊరికి పోదామని నేను బస్‌స్టాండుకు వెళ్ళినప్పుడు, ఆ ముగ్గురూ సిమెంటు బల్లల మీద మేము కప్పిన శాలువాలే కప్పుకొని నిద్రిస్తున్నారు. నన్ను చూచి పెద్దాయన లేచి కూర్చొని, "మంచి శాలువాలు సార్, చలి ఆగింది" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండినట్లయితే నా మనస్సు ఇంత బాధపడేది కాదు.

కనుక మన కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా ఒక మనవి. మన ఉత్సవాలకు ముషాయిరా కవులనో, ఖవ్వాలీ బృందాన్నో, బుర్రకథకులనో, గిటారు పట్టిన కుర్రవాళ్ళనో పిలిచినప్పుడు, రానుపోను చార్జీలు, పారితోషికం వారు వేదిక ఎక్కకముందే చేతికి అందవలెను. ప్రదర్శనకు ముందు భోజనం పెట్టవలెను. రాత్రి తొమ్మిది దాటినచో హాస్టలులో ఒక గది, శుభ్రమైన దుప్పట్లు ఏర్పాటు కావలెను. నిధులు చాలవనే మాట వినిపించవచ్చు. ఫ్లెక్సీలకు, పూలగుత్తులకు, జ్ఞాపికలకు చాలుతున్న నిధులే ఇవి. వాటిలో కొంత తగ్గించినచో గౌరవానికి లోటు రాదు. దారిఖర్చు ఇవ్వని గౌరవం శాలువా అంత పలుచన.

విద్యార్థులు చేయవలసినదీ ఉన్నది. డి. బూన్ మరణంతో మైక్ వాట్ సంగీతమే మానుకొన్నాడు. అప్పుడు ఒహైయో నుండి ఎడ్ క్రాఫర్డ్ అనే యువ అభిమాని సాన్ పెడ్రోకు వెళ్ళి, వాయించమని పట్టుబట్టి అతనిని మళ్ళీ నిలబెట్టాడు. 1986లో ముగ్గురూ కలిసి కొత్త బృందం కట్టారు. శ్రోత కూడ చప్పట్లను మించినది చేయగలడనడానికి ఇది నిదర్శనం. మీరు అంత దూరం పోనక్కరలేదు. వచ్చిన కళాకారుని సామానులో ఒక పెట్టె అందుకోండి. మంచినీరు ఇవ్వండి. బస్సు ఎక్కించి రండి.

ఇక నన్ను ప్రశ్నించిన యువకునికి సమాధానం. నాయనా, వ్యానులో స్వేచ్ఛ ఉన్నది, కాదనను. ఏ కంపెనీ అనుమతీ లేకుండ తమ పాట తాము పాడుకొనడం తక్కువ భాగ్యం కాదు. కాని ఆ స్వేచ్ఛను నిలిపినది లెక్క, ఓర్పు, ఊరూరా తలుపు తీసి నేల మీద చోటిచ్చిన పేరులేని శ్రోతలు. డిగ్రీ పూర్తిచేసి, లెక్క నేర్చుకొని, అప్పుడు వెళ్ళు. నీవు వెళ్ళే ఊళ్ళలో తలుపు తీసేవారు ఉండవలెనన్నచో, మన ఊరికి వచ్చినవారికి ముందు మనం తలుపు తీయవలెను.